కరాటే మాస్టారికి ఏమిద్దాం? అటకెక్కని బహుమతి కోసం

మా అమ్మాయి కరాటేలో చేరిన మొదటి ఏడాది చివర్లో వాళ్ల మాస్టారికి నేనో బ్లాక్ బెల్ట్ చేయించాను. మంచి శాటిన్ గుడ్డ. ఒక కొసన బంగారు రంగు దారంతో ఆయన పేరు, రెండో కొసన క్లబ్ పేరు. ఆయన రోజూ కట్టుకొచ్చే బెల్ట్ అంచులు చీకిపోయి, నలుపు కింది తెల్లటి పొర అక్కడక్కడా బయటపడి ఉండేది. పాపం, కొత్తది కొనుక్కునే తీరిక లేదేమో అనుకున్నాను. ఆయన రెండు చేతులా అందుకున్నారు, నవ్వుతూ థాంక్స్ చెప్పారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా కట్టుకోలేదు.

పప్పులో కాలేశానని చాలా రోజులకి ఒక సీనియర్ స్టూడెంట్ చెబితే గానీ తెలియలేదు. ఆ చీకిపోయిన బెల్ట్ ఆయన గురువు తన చేతుల్తో కట్టిందట. ఎన్నేళ్లు సాధన చేస్తే బెల్ట్ అంత అరుగుతుంది, అరిగిన కొద్దీ దానికి విలువ. పైగా బెల్ట్ అనేది పైవాళ్లు కిందివాళ్లకి ఇచ్చేది. జపాన్‌లో జిగోరో కానో 1882లో కొడోకాన్ అనే బడి పెట్టి జూడో నేర్పడం మొదలుపెట్టాక, స్థాయిని నల్ల బెల్ట్‌తో చూపించే అలవాటు అక్కడి నుంచి వచ్చింది. దాన్ని చూసి కరాటే గురువు గిచిన్ ఫునాకోషి 1924లో తన శిష్యులకి కరాటేలో మొదటి బ్లాక్ బెల్ట్‌లు ఇచ్చారు. అంటే నేను చేసిన పని, ప్రొఫెసర్ గారికి డిగ్రీ పట్టా ప్రింట్ కొట్టించి చేతికివ్వడం లాంటిది. ఆయన మంచివారు కాబట్టి నవ్వి ఊరుకున్నారు.

తర్వాతి నాలుగేళ్లలో సొంతంగానూ, మిగతా తల్లిదండ్రులతో కలిసీ చాలానే ఇచ్చాం. కొన్ని బాగా కుదిరాయి, కొన్ని అటకెక్కాయి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఇదీ: మాస్టారి విద్యకి సంబంధించిన వస్తువు కొంటే తప్పటడుగు పడే అవకాశం ఎక్కువ, ఆయన పనికి సంబంధించింది కొంటే తక్కువ. బెల్టు, కత్తి, డ్రెస్సు విద్యకి చెందినవి. వాటి గురించి మనకన్నా ఆయనకి వందరెట్లు తెలుసు. పిల్లల దెబ్బలకి చిరిగిన ప్యాడ్, బొంగురుపోయిన గొంతు, పిల్లాడి ముక్కుకి తగిలిన దెబ్బ పనికి చెందినవి. బయట కుర్చీలో కూర్చుని రోజూ చూసే మనకి అవి బాగానే కనిపిస్తాయి. జూడో, తైక్వాండో, కుంగ్ ఫూ, ఏదైనా లెక్క ఇంచుమించు ఇదే.

ముందు, ఆయన ఎవరి కోసం పనిచేస్తున్నారు?

ఈ ప్రశ్న వేసుకోకుండా షాపింగ్‌కి వెళ్తే అంతా గందరగోళమే.

సొంతంగా క్లాసు నడుపుకునేవారైతే హాలు అద్దె, మ్యాట్లు, ప్యాడ్లు అన్నీ ఆయన జేబులోంచే రావాలి. క్లాసుకి పనికొచ్చేది ఏది ఇచ్చినా అది నేరుగా ఆయనకి ఇచ్చినట్టే. స్కూల్లోనో పెద్ద అకాడమీలోనో జీతానికి నేర్పేవారైతే ఇదంతా తిరగబడుతుంది. మనం కొనిచ్చిన ప్యాడ్లు అకాడమీ ఆస్తిలో కలుస్తాయి, ఆయన వేరే చోటికి మారితే వెంట రావు. అలాంటివారికి ఇంటికి తీసుకెళ్లే వస్తువే ఇవ్వాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా సంస్థల్లో టీచర్లు బహుమతులు తీసుకోవడం మీద నియమాలుంటాయి. కొనకముందే ఆఫీసులో ఓ మాట అడిగేస్తే, ఆయన మొహమాటపడుతూ తిరిగిచ్చే సీను తప్పుతుంది.

మూడో రకం, డబ్బు తీసుకోకుండా నేర్పేవారు. పొద్దంతా ఎక్కడో ఉద్యోగం చేసి, సాయంత్రం బ్యాగు భుజాన వేసుకుని నేరుగా క్లాసుకొస్తారు. వీళ్లకి వస్తువు కన్నా వాళ్లు వెళ్లాలనుకుంటున్న సెమినార్ ఫీజు, పై దాన్ (బ్లాక్ బెల్ట్‌లో స్థాయి) పరీక్ష ఫీజు, రిఫరీ కోర్సు ఖర్చు లాంటివి అందరూ కలిసి కట్టడం గొప్ప ఆలోచన. ఇవన్నీ ఆయన ఇప్పటిదాకా సొంత డబ్బుతో చేసుకొస్తున్న పనులు. ఒక్కరే భరించకండి, పదిమంది కలవండి.

డ్రెస్సా, ప్యాడ్లా?

ఈ రెండిట్లో తేల్చుకోలేక మా తల్లిదండ్రుల గ్రూపులో వారం రోజులు చర్చ నడిచింది. సగం మంది డ్రెస్ అన్నారు. చూడ్డానికి నిండుగా ఉంటుంది, ఫొటో బాగా వస్తుంది. నేను ప్యాడ్ల వైపు. ఇప్పటికీ అటే.

కరాటే డ్రెస్ కొనడం చెప్పులు కొనడం కన్నా కష్టం. సైజు ఎత్తుని బట్టి ఉంటుంది, కానీ ఒక కంపెనీ నాలుగో నంబరు ఇంకో కంపెనీ నాలుగో నంబరుతో సరిపోదు. కాటన్‌ది ఉతికితే కుంచించుకుపోతుంది. కటా (ఒంటరిగా చేసే కదలికల వరుస) చేసేవాళ్లు మందపాటి కాన్వాస్ గుడ్డ ఇష్టపడతారు, పంచ్ విసిరినప్పుడు చేతి దగ్గర గుడ్డ 'ఫట్' మనాలి. కుమితే (ఎదుటివారితో తలపడే పోటీ) ఆడేవాళ్లకి తేలికగా, గాలి ఆడేలా ఉండాలి. పోటీలకి వెళ్లేవారైతే ఫెడరేషన్ ఆమోదించిన లేబుల్ కూడా కావాలి. జూడోలో ఇంకా పట్టింపు, చేతుల పొడవు దగ్గర్నుంచి కొలిచి చూస్తారు. ఇన్ని తెలుసుకుని, ఆయనకి తెలియకుండా, సరైనది తేవడం అంటే చీకట్లో బాణం వేయడమే. మరీ డ్రెస్సే ఇవ్వాలనుంటే సర్‌ప్రైజ్ మాట మర్చిపోయి ఆయన్నే అడగండి.

ఇక ప్యాడ్ల సంగతి. క్లాసులో 30 మంది పిల్లలనుకోండి. ఒక్కొక్కరు 20 కిక్కులు కొడితే 600. ఆ 600 దెబ్బలూ పట్టుకున్న చెయ్యి మాస్టారిది. ప్యాడ్‌లో ఫోమ్ మెత్తబడిపోతే దెబ్బ బరువు నేరుగా మణికట్టుకీ మోచేతికీ పోతుంది. ఈసారి క్లాసు అయ్యాక ప్యాడ్‌ని చేతిలోకి తీసుకుని మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. వేలు లోతుగా దిగి, గుంట వెంటనే పైకి లేవకపోతే దాని ఆయుష్షు అయిపోయినట్టే. కుట్లు ఊడిన చోట టేపు చుట్టి ఉన్నా అదే గుర్తు. మా మాస్టారి ప్యాడ్లలో ఒకదానికి మూడు రంగుల టేపులుండేవి. అది చూశాక నాకు వేరే ఆలోచన రాలేదు.

ప్యాడ్లలోనూ తేడాలున్నాయి. పంచ్‌లు పట్టడానికి చేతికి తొడుక్కునే ఫోకస్ ప్యాడ్లు, లోపలికి కొంచెం వంపు తిరిగి ఉన్నవి మణికట్టుకి సుఖం. బలమైన కిక్కులకి రెండు చేతులతో పట్టుకునే పెద్ద షీల్డ్. తైక్వాండోలో వాడే పలకలాంటి కిక్ టార్గెట్ రెండు పొరలుగా ఉంటుంది, సరిగ్గా తగిలితే పొరలు ఒకదానికొకటి కొట్టుకుని టపాసు పేలినట్టు చప్పుడు చేస్తుంది. చిన్న పిల్లలకి ఆ చప్పుడే సగం పాఠం. ఏది అరిగిపోయిందో అసిస్టెంట్‌ని అడిగి, అదే రకం కొనండి. నాసిరకం రెండు జతల కన్నా గట్టిది ఒక్క జత మేలు. బిల్లు కూడా కవర్లో పెట్టండి, మార్చుకోవాలంటే ఆయనే మార్చుకుంటారు.

చిన్నవే, కానీ రోజూ చేతికందేవి

ప్యాడ్లకి సరిపడా బడ్జెట్ లేకపోతే బెంగ అక్కర్లేదు. పిల్లలు తెచ్చుకోవడం మర్చిపోయే వస్తువులు గమనించండి. కరాటే పోటీల్లో ఒకరు ఎర్ర బెల్ట్, ఇంకొకరు నీలం బెల్ట్ కట్టుకోవాలి. ప్రాక్టీసు మ్యాచ్ పెట్టిన రోజున ఇవి ఎప్పుడూ తక్కువే పడతాయి, మాస్టారు ఎవరివో అడిగి సర్దుతుంటారు. పిల్లల సైజులో నాలుగు ఎర్రవి, నాలుగు నీలంవి ఇస్తే ఆ తలనొప్పి తీరిపోతుంది. పైన బెల్ట్ ఇవ్వొద్దన్నారు కదా అంటారేమో. ఇవి స్థాయిని చెప్పే బెల్ట్‌లు కావు, మ్యాచ్‌లో ఎవరెవరో గుర్తుపట్టడానికి కట్టేవి.

ఫస్ట్ ఎయిడ్ బాక్స్ నా దృష్టిలో మొదటి మూడు స్థానాల్లో ఉంటుంది. దుకాణంలో దొరికే రెడీమేడ్ బాక్స్ అలాగే ఇచ్చేయకండి, కొంచెం మన బుర్ర కూడా కలపండి. వేళ్లకి చుట్టే టేపు, ముక్కు నుంచి రక్తం వస్తే అద్దడానికి గాజ్ (గాయాలకి వాడే పల్చటి గుడ్డ), ఒకసారి వాడి పడేసే కోల్డ్ ప్యాక్‌లు నాలుగైదు. ఈ కోల్డ్ ప్యాక్‌లకి ఫ్రిజ్ అక్కర్లేదు. గట్టిగా నొక్కితే లోపలి నీళ్ల సంచి పగిలి, పక్కనున్న పొడి అందులో కరుగుతూ వేడిని లాగేసుకుంటుంది, నిమిషంలో చల్లబడుతుంది. చర్మానికి నేరుగా పెట్టకుండా గుడ్డలో చుట్టి వాడాలి. ఫ్రిజ్ లేని హాల్లో పిల్లాడు మోకాలు పట్టుకుని ఏడుస్తున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. మూత లోపలి వైపు ఎక్స్‌పైరీ తేదీలు రాసి అంటించండి.

గొంతు సంగతి చాలామందికి తట్టదు. గంటన్నర సేపు "ఇచి, ని, సన్, షి" అని జపనీస్‌లో అంకెలు అరవడం, మధ్యలో "ఒరేయ్ మోకాలు వంచరా" అనడం, అదీ రోజుకి మూడు బ్యాచ్‌లు. మెడకో చెవికో మైకు తగిలించుకునే చిన్న వాయిస్ యాంప్లిఫయర్ మంచి వస్తువే. కానీ మాస్టారు పాతకాలపు మనిషైతే మైకు పెట్టుకోవడానికి ఒప్పుకోరు, గొంతులోంచి రావాల్సిందే అంటారు. ఆయన సంగతి తెలిస్తేనే కొనండి. వేడినీళ్లు చాలాసేపు వేడిగా ఉంచే ఫ్లాస్క్ అయితే ఎవరూ కాదనరు. రౌండ్లకి టైము చూపించే పెద్ద అంకెల డిజిటల్ టైమర్ కూడా బాగానే వాడతారు, ఫోన్ చేత్తో పట్టుకుని తిరిగే పని తప్పుతుంది.

ఆయన కోసమే అయితే

జీతానికి పనిచేసేవారి సంగతి ఇందాక అనుకున్నాం. వాళ్లకి గిఫ్ట్ కార్డు ఇవ్వడం చప్పగా అనిపించొచ్చు గానీ, పుచ్చుకునేవాళ్లకి అదే హాయి. డబ్బు నేరుగా కవర్లో పెట్టి ఇవ్వడం కొందరికి ఓకే, కొందరికి చిన్నతనం. తెలియనప్పుడు కార్డే నయం. ఏళ్ల తరబడి మోకాళ్లూ నడుమూ అరగదీసుకున్నవారైతే ఫిజియోథెరపీ లేదా మసాజ్ సెషన్లు ఇవ్వొచ్చు, అయితే ఆయన నోటి నుంచి ఆ నొప్పి గురించి విని ఉంటేనే. లేకపోతే "మీరు కుంటుతున్నారు" అని చెప్పినట్టుంటుంది. పుస్తకాలు? ఆయన దగ్గర ఉన్నదే మళ్లీ ఇస్తాం. వదిలేయండి.

సొంత క్లాసు నడిపేవారికి పైసా ఖర్చు లేని బహుమతి ఇంకోటుంది. మీ పిల్లల్లో వచ్చిన మార్పు గురించి ఆన్‌లైన్‌లో నాలుగు వాక్యాల రివ్యూ రాయడం, కొత్తవాళ్లని ఇద్దరిని పంపడం. ఫీజు అడిగించుకోకుండా టైముకి కట్టడం కూడా ఇందులోకే వస్తుందని నా అభిప్రాయం, దాన్ని బహుమతి అనకూడదు గానీ.

నేనైతే జోలికి పోనివి

"బెస్ట్ సెన్సే" (సెన్సే అంటే గురువు) అని రాసిన కప్పులు, షీల్డులు, ట్రోఫీలు. ఆయన అలమారా ఇప్పటికే ట్రోఫీలతో కిక్కిరిసి ఉంటుంది, మనది ఎక్కడో వెనక నిలబడుతుంది. గోడకి తగిలించే అలంకారపు కత్తులు అసలు వద్దు. అల్లరి పిల్లలు ముప్పైమంది పరిగెత్తే చోట కత్తి ఏమిటి!

జపాన్ అక్షరాలు రాయించిన ఫ్రేములు చూడ్డానికి బాగుంటాయి, కానీ అక్షరం తప్పుపోతే మనకి తెలియదు, ఆయనకి తెలుస్తుంది. కరాటే అన్న మాటనే ఒకప్పుడు 'చైనా చెయ్యి' అనే అర్థం వచ్చే అక్షరాలతో రాసేవారు. 1930ల్లో 'ఖాళీ చెయ్యి' అనే అర్థం వచ్చేవి స్థిరపడ్డాయి. పలకడం మాత్రం రెండిటినీ ఒకేలా పలుకుతారు. ఇంటర్నెట్‌లో దొరికిన అక్షరాలు ఏవైతేనేం అని కొట్టించేస్తే ఇలాంటి చోటే బోర్లాపడతాం. తప్పదనుకుంటే క్లబ్ బ్యాడ్జ్ మీద ఉన్నవే కాపీ చేయించండి. ఇంకా పెద్ద పొరపాటు, తైక్వాండో మాస్టారికి సమురాయ్ బొమ్మ ఇవ్వడం. తైక్వాండో కొరియాది, సమురాయ్ జపాన్ వాడు, 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ పాలనలో నలిగింది. ఆయన ఏమీ అనకపోవచ్చు, కానీ ఐదేళ్లు పిల్లని పంపి ఆ తేడా కూడా తెలుసుకోలేదా అనుకుంటారు.

పిల్లల ఫొటో ఆల్బం మంచి ఆలోచనే. మిగతా పిల్లలు కూడా ఫొటోల్లో ఉంటారు కాబట్టి వాళ్ల అమ్మానాన్నలని ముందే అడగండి.

ఉత్తరం

పైవాటిలో ఏది కొన్నా, కొనకపోయినా, పిల్లల చేత్తో రాసిన ఉత్తరం మాత్రం తప్పనిసరి అంటాను. రెండిట్లో ఒకటే వీలవుతుందంటే వస్తువు మానేసి ఉత్తరం ఇస్తాను. మాస్టారి దగ్గరికి ఫిర్యాదులు రోజూ వస్తాయి: మావాడికి బెల్ట్ ఎందుకివ్వలేదు, టైమింగ్ మార్చండి, ఈ నెల ఫీజు తగ్గించండి. ఏం మారిందో చెప్పేవాళ్లు తక్కువ.

కానీ "మీరు చాలా మంచి మాస్టర్, థాంక్యూ" అని రాయిస్తే అది గ్రీటింగ్ కార్డు మీద అచ్చు వేసిన మాటే. ఒక్క సంఘటన కావాలి. మా అమ్మాయికి చేరినప్పుడు ఏడేళ్లు. క్లాసులో అందరూ "కియాయ్" అని అరుస్తుంటే దీని పెదాలు మాత్రం కదిలేవి, శబ్దం రాదు. నాలుగు నెలలు అంతే. మాస్టారు ఒక్కసారి కూడా "గట్టిగా!" అనలేదు. ఒకరోజు దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "ఇద్దరం కలిసి గుసగుసగా అరుద్దామా?" అన్నారు. గుసగుసగా అరిచారు. తర్వాత కొంచెం పెద్దగా. పదిహేను నిమిషాల్లో హాలు దద్దరిల్లింది, బయట చెప్పుల దగ్గర నిలబడ్డ నేను ఉలిక్కిపడ్డాను.

దాన్నే రాయమన్నాను. అది రాసిన ఉత్తరం మొత్తం ఇంతే:

"సెన్సే, నాకు అరవడం వచ్చేది కాదు. మీరు మెల్లగా అరవచ్చు అన్నారు. ఇప్పుడు బస్సులో ఎవరైనా తోస్తే కూడా నేను గట్టిగా చెప్తాను. మీ గొంతు నొప్పి తగ్గాలి."

తప్పులు దిద్దకండి. 'సెన్సే' వంకరగా రాసినా వదిలేయండి. కింద మీరు రెండు వాక్యాలు కలపొచ్చు, అంతకు మించి వద్దు. కవర్ మీద క్లాసులో పిల్లలు ఆయన్ని ఎలా పిలుస్తారో ఆ పిలుపే రాయించండి. కరాటే, జూడోల్లో సెన్సే, తైక్వాండోలో సబొమ్నిమ్, కుంగ్ ఫూలో షిఫు. కొందరు సార్ అనే పిలిపించుకుంటారు, అప్పుడు సార్ అనే.

ఎంత, ఎప్పుడు

ఒక్క కుటుంబం ఇచ్చేది ఒక నెల ఫీజు దాటకపోతే మంచిదని నేను పెట్టుకున్న గీత. ఖరీదైనది ఇస్తే ఆయనకి ముందరికాళ్లకి బంధం వేసినట్టవుతుంది. రేపు మీ పిల్లని బెల్ట్ టెస్ట్‌లో ఆపాల్సి వస్తే, ఆయన మనసులో ఆ వస్తువు అడ్డం పడకూడదు. అందుకే టెస్ట్‌కి ముందు నెల రోజుల్లో ఏమీ ఇవ్వొద్దు. నేనోసారి టెస్ట్‌కి వారం ముందు ఫ్లాస్క్ ఇచ్చాను, ఏ దురుద్దేశమూ లేదు, ఊరికే అప్పుడు గుర్తొచ్చింది. మా అమ్మాయి పాసయితే పక్కనున్న ఒకావిడ "ఫ్లాస్క్ పనిచేసింది" అంది. నవ్వుతూనే అంది, కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. టెస్ట్ అయిపోయి ఫలితాలు చెప్పేశాక, లేదా ఏడాది చివర, లేదా క్లాసు మానేసేటప్పుడు ఇవ్వండి. ఆఖరిదే ఎక్కువమంది మర్చిపోతారు. మూడేళ్లు నేర్చుకుని, ఒక నెల నుంచి చడీచప్పుడు లేకుండా మానేస్తారు. ఆయనకి ఎందుకు మానేశారో కూడా తెలియదు.

అందరూ కలిసి ఇస్తుంటే డబ్బు వసూలు చేసే మనిషి ఒక్కరే ఉండాలి, ఎవరెంత ఇచ్చారో ఆ ఒక్కరికే తెలియాలి. ఇవ్వలేనివాళ్ల పిల్లల సంతకం కూడా కార్డు మీద ఉండాలి. దీని మీద నేను గొడవ పడ్డాను, మళ్లీ అవసరమైతే పడతాను.

అసిస్టెంట్లని మర్చిపోకండి. చిన్న పిల్లలకి బెల్ట్ ముడి ఎలా వేయాలో నూటొక్కసారి చూపించేది పదహారు, పదిహేడేళ్ల సీనియర్ స్టూడెంట్లే, వాళ్లకి ఎవరూ ఏమీ ఇవ్వరు. పేరు పెట్టి రాసిన ఒక కార్డు చాలు.

ఇచ్చేటప్పుడు పిల్లే ఇవ్వాలి, మనం ఒక అడుగు వెనక నిలబడాలి. క్లాసు అయిపోయి, అందరూ వంగి నమస్కారం పెట్టి, గుంపు పలచబడ్డాక. పదిమంది తల్లిదండ్రులు చూస్తుండగా వద్దు, తేనివాళ్లు ఇబ్బంది పడతారు.

నేనిచ్చిన ఆ శాటిన్ బెల్ట్ ఏమైందంటారా? మొన్న సెలవుల బ్యాచ్‌లో కనిపించింది. కొత్తగా చేరిన చిన్నపిల్లలకి ముడి వేయడం నేర్పడానికి దాన్ని ఒక కుర్చీకి కట్టి ఉంచారు. ఒక బుడతడు నాలుక బయటపెట్టి, బంగారు దారంతో కుట్టిన మాస్టారి పేరుని తలకిందులుగా లాగుతున్నాడు.